పన్ను నోటీసు వచ్చింది.. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

ఇంటి పన్ను సంగతి నాన్న చూసుకుంటారులే అనుకునే వయసు మీది. కానీ ఇంట్లో ఆ కాగితాన్ని పైనుంచి కింద దాకా చదివి అర్థం చేసుకోగలిగింది బహుశా మీరొక్కరే. ఏలూరు శనివారపుపేటకు వచ్చినా, తాడేపల్లిగూడెం కడకట్లకు వచ్చినా పెద్దవాళ్లు చూసేది చివర ఉన్న మొత్తం ఒక్కటే. పోయినేడు కంటే ఎంత పెరిగింది? ‘నూటికి పదిహేనేగా, పోనీలే’ అని కట్టేసి వస్తారు. ఆ ‘పోనీలే’ దగ్గరే చిక్కంతా ఉంది.

గ్రూప్-2కు చదివేవాళ్లకు ఈ అంశం పాలిటీలోనూ, ఎకానమీలోనూ తగులుతుంది. 74వ రాజ్యాంగ సవరణ, 243ఎక్స్ అధికరణ, ఆర్థిక సంఘం సిఫార్సులు అని విడివిడిగా బట్టీ పట్టేవన్నీ మీ ఇంటి గుమ్మం దగ్గర ఒకే కాగితంలో కలుస్తాయి. ఆ కాగితం పట్టుకుని చదివితే పరీక్షకూ పనికొస్తుంది, ఇంటికీ పనికొస్తుంది.

అద్దె లెక్క పోయి ఆస్తి విలువ లెక్క

రాష్ట్రంలో చాలాకాలం పట్టణాల ఇంటి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో వీధిని బట్టి, కట్టడాన్ని బట్టి, వాడకాన్ని బట్టి అంచనా కట్టి దాని మీద పన్ను వేసేవారు. చట్టం ప్రకారం అయిదేళ్లకోసారి ఈ అంచనాలు సవరించాలి. కానీ నివాస భవనాలకు 2002లో, నివాసేతర భవనాలకు 2007లో చేసిన సవరణే చివరిదిగా మిగిలిపోయింది. పన్ను పెంచి ఓట్లు అడగడం ఏ పార్టీకీ తేలిక కాదు. ఇది మన దగ్గరే అనుకోకండి. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్స్‌కు ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ఇళ్ల విలువలే ఆధారం. అక్కడ నిన్న కట్టిన ఇంటికి కూడా ‘1991లో ఉండుంటే ఎంత పలికేది’ అని లెక్కిస్తారు.

మన దగ్గర మార్పు 2020 నవంబరులో వచ్చింది. పురపాలక చట్టాలను సవరించి, జీవో నం.198తో నిబంధనలు ఇచ్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ పద్ధతికి మారారు. అంటే అద్దె కాదు, స్థలం విలువ, దాని మీద కట్టడం విలువ కలిపి చూస్తారు. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే మార్కెట్ విలువలే ఇందుకు ప్రాతిపదిక. భవనం వయసును బట్టి తరుగుదల తీసేస్తారు. వచ్చిన మొత్తం మీద నివాస భవనాలకైతే 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకైతే 0.20 నుంచి 2 శాతం మధ్య పట్టణానికొక రేటు పెట్టుకోవచ్చు. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇల్లయితే ఏడాదికి 50 రూపాయలే.

ఎందుకు మార్చారన్న ప్రశ్నకు జవాబు దిల్లీలో దొరుకుతుంది. కొవిడ్ ఏడాది రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకునేందుకు కేంద్రం కొన్ని సంస్కరణలను షరతుగా పెట్టింది. పట్టణాల్లో భూముల ప్రభుత్వ విలువలకు తగ్గట్టు ఆస్తి పన్ను కనీస రేట్లు నోటిఫై చేయడం అందులో ఒకటి. ఈ షరతు ముందుగా నెరవేర్చింది ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. అందుకు మన రాష్ట్రానికి దక్కిన అదనపు రుణ అనుమతి రూ.2,525 కోట్లు. 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణ సంస్థల గ్రాంట్లకు ఇదే మెలిక పెట్టింది. కనీస రేట్లు నోటిఫై చేయాలి, ఆ తర్వాత వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వేగంతో పెరగాలి. మన దేశంలో ఆస్తి పన్ను రాబడి జీడీపీలో 0.2 శాతం లోపే ఉంటుందన్నది ఈ ఒత్తిడి వెనక ఉన్న వాదన. వాదనలో పస లేకపోలేదు. కానీ పన్ను పెంచమన్నంత గట్టిగా అప్పీలు వ్యవస్థను బాగుచేయమని మాత్రం ఎవరూ షరతు పెట్టలేదు.

15 శాతం చాటున దాక్కున్న తప్పు

జనం గగ్గోలు పెట్టకుండా నిబంధనల్లోనే ఒక పరిమితి పెట్టారు. అప్పటికే పన్ను కడుతున్న ఇంటికి ఒక ఏడాదిలో పెరుగుదల 15 శాతం దాటకూడదు. కొత్త లెక్క ప్రకారం రావాల్సిన పన్ను చేరే దాకా ఏటా ఇలా పెరుగుతూ పోతుంది. చూడ్డానికి ఇది ఊరటే. కానీ దీనివల్ల ఒక వింత జరుగుతుంది. ఈ లెక్క పెన్నూ కాగితంతో చేసి చూడండి. అంకెలు ఉదాహరణ కోసమే.

ఒక ఇంటికి పాత పన్ను 1,200 రూపాయలు. స్థలం 100 గజాలు, గజం 12 వేల చొప్పున 12 లక్షలు. ఇల్లు 800 చదరపు అడుగులు, అడుగుకు వెయ్యి చొప్పున 8 లక్షలు. తరుగుదల పక్కన పెడదాం. మొత్తం 20 లక్షలు. రేటు 0.12 శాతం అనుకుంటే కొత్త పన్ను 2,400. ఏటా 15 శాతం చొప్పున బిల్లు 1,380, 1,587, 1,825, 2,099 అవుతుంది. అయిదో ఏడు 2,400 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అదే ఇంటికి కొలతలు రాసినవాళ్లు వెనక ఉన్న రేకుల షెడ్డును కూడా శ్లాబు కింద కలిపేసి 1,200 అడుగులు అని నమోదు చేశారనుకోండి. విలువ 24 లక్షలు, చేరాల్సిన పన్ను 2,880. మొదటి ఏడాది బిల్లు ఎంత? 1,380. రెండో ఏడు 1,587. మూడు, నాలుగు కూడా అవే అంకెలు. తప్పు లెక్కకూ, సరైన లెక్కకూ నాలుగేళ్ల పాటు పైసా తేడా లేదు. అయిదో ఏట 2,414 వస్తుంది, 14 రూపాయలు ఎక్కువ. ఎవరికీ అనుమానం రాదు. ఆరో ఏట తేడా 376కు, ఏడో ఏట 480కి వెళ్తుంది. ఆ తర్వాత ఏటా ఆ 480 కడుతూనే ఉండాలి.

అప్పుడు మేల్కొని ఆఫీసుకు వెళ్తే ‘ఇన్నేళ్లూ కట్టారుగా, అప్పుడెందుకు అడగలేదు’ అంటారు. అడగకపోవడానికి కారణం బిల్లులో తప్పు కనిపించకపోవడం. తప్పు ఉన్నది బిల్లు మొత్తంలో కాదు, కొలతల గడిలో. మొత్తం చూసి సరిపెట్టుకునే ఇళ్లన్నిటికీ ఈ ముప్పు ఉంది. కొత్తగా కట్టిన ఇంటికైతే ఈ పరిమితి చాటు కూడా లేదు. పాత పన్నే లేదు కాబట్టి మొదటి బిల్లే పూర్తి మొత్తంతో వస్తుంది. ఒక రకంగా వాళ్లే నయం, తప్పు ఉంటే వెంటనే తెలుస్తుంది.

రేటు మీద గొడవ వేరు, ఇంటి మీద గొడవ వేరు

అప్పీలు అనగానే చాలామంది రాసేది ‘పన్ను భారం ఎక్కువైంది, తగ్గించ ప్రార్థన’ అని. ఆ అర్జీతో పని కాదు. ఎందుకో తెలియాలంటే అమెరికాలోని డెన్వర్ దాకా వెళ్లి రావాలి. అక్కడి నుంచి రెండు కేసులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. రోడ్డు వేసి, ఆ వీధిలోని ఒక్కో ఆస్తి మీద ఇంత అని పన్ను వేసినప్పుడు యజమాని మాట వినాల్సిందేనని 1908లో లాండనర్ కేసులో కోర్టు చెప్పింది. నగరంలోని ఆస్తులన్నిటి విలువనూ ఒకేసారి 40 శాతం పెంచినప్పుడు మాత్రం ఒక్కొక్కరినీ పిలిచి వినక్కర్లేదని 1915లో బై-మెటాలిక్ కేసులో తేల్చింది. అందరికీ వర్తించే నిర్ణయం నచ్చకపోతే ఓటు ఉంది, ఒకరి ఇంటి లెక్క తప్పితే విచారణ ఉంది అన్నది సారాంశం. మన చట్టాల నడక కూడా దాదాపు ఇంతే. రేటు నిర్ణయానికి ముసాయిదా ప్రకటించి, ఊరందరి నుంచీ అభ్యంతరాలు తీసుకుని, కౌన్సిల్ తీర్మానం చేయాలి. ఇంటి కొలత, వాడకం, వయసు మీద మాత్రం ఎవరికి వారు అర్జీ పెట్టుకోవాలి.

‘ఓటు ఉంది’ అనే మాట మన ప్రాంతంలో ఎలా నడిచిందో చూడండి. ఏలూరు కార్పొరేషన్‌కు 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. కోర్టు కేసు వల్ల లెక్కింపు ఆగింది. కొత్త పన్ను పద్ధతి ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చేసరికి ఏలూరు ఓట్లు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. జులై 25న లెక్కిస్తే 50 డివిజన్లలో 47 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, 3 తెలుగుదేశానికి వచ్చాయి. తాడేపల్లిగూడెంలో అప్పుడు ఎన్నికే జరగలేదు. 2014లో ఏర్పడిన కౌన్సిల్ గడువు 2019 జులైతో ముగిసింది. తర్వాత పాలన ప్రత్యేకాధికారి చేతికి వెళ్లింది. అంటే ఈ రెండు ఊళ్లలోనూ కొత్త పద్ధతి మొదలైన రోజున ప్రజలు నిలదీయడానికి కూర్చున్న కౌన్సిలర్ ఒక్కరూ లేరు. కౌన్సిల్ గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తిచేయాలని 243యు అధికరణ చెబుతుంది. ఆ అధికరణకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ గైడ్లలో దొరకదు.

పక్కపక్క ఊళ్లు, వేర్వేరు దారులు

తాడేపల్లిగూడెం మున్సిపాలిటీ. ఏలూరు 2005 నుంచి కార్పొరేషన్. ఈ తేడాకు పరీక్షలో ఒక మార్కే ఉంటుంది, అప్పీలులో దారే మారిపోతుంది.

రెండు చోట్లా మొదటి మెట్టు కమిషనరే. ప్రత్యేక నోటీసు అందాక గడువు లోపు రివిజన్ పిటిషన్ ఇవ్వాలి. గడువు ఎన్ని రోజులో నోటీసులో చూసుకోండి, పదిహేను రోజులే ఉన్నాయనుకుని కదలడం మంచిది. పిటిషనర్‌కు వచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తేల్చకూడదు. కమిషనర్ ఉత్తర్వు నచ్చకపోతే తాడేపల్లిగూడెం వాళ్లు పురపాలక శాఖ ప్రాంతీయ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన హోదా పేరులోనే ‘అప్పిలేట్ కమిషనర్’ అని ఉంటుంది, ఆఫీసు రాజమహేంద్రవరంలో. ఏలూరు వాళ్లకు వర్తించేది కార్పొరేషన్ల చట్టం. ఇది 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం నుంచి వచ్చింది. దాని 282వ సెక్షన్ ప్రకారం అప్పీలు జడ్జి ముందుకు పోతుంది. ముందుగా కమిషనర్‌కు ఫిర్యాదు చేసి ఉండాలి, వేసిన పన్ను జమ చేయాలి, 15 రోజుల్లో రావాలి. మూడింటిలో ఏది తప్పినా తలుపు మూసుకుంటుంది.

గమనించారా? రెండు దారుల్లోనూ అప్పీలు విని తేల్చే చోట కౌన్సిల్ లేదు. వార్డు కౌన్సిలర్‌కు చెప్పుకోవడం మంచిదే, ఆఫీసులో ఫైలు కదలడానికి పనికొస్తుంది. కానీ ఆయనకు చెప్పాం కదా అని ఊరుకుంటే ఈలోగా గడువు దాటిపోతుంది.

ఏలూరులో విలీనమైన ఏడు గ్రామాల సంగతి ఇంకొంచెం వేరు. సత్రంపాడు, శనివారపుపేట, తంగెళ్లమూడి, వెంకటాపురం, చొదిమెళ్ల, కొమడవోలు, పోణంగి వాళ్లు నిన్నటి దాకా పంచాయతీకి ఇంటి పన్ను కట్టినవాళ్లే. పంచాయతీ రికార్డుల్లోని కొలతలను యథాతథంగా తీసుకున్నారా, మళ్లీ టేపు పట్టారా అన్నది ప్రతి ఇంటివాళ్లూ చూసుకోవాలి. అప్పట్లో పెంకుటిల్లుగా ఉండి తర్వాత డాబా అయిన ఇల్లయితే తప్పు ఎటువైపైనా ఉండొచ్చు. తక్కువగా రాసి ఉంటే మురిసిపోకండి. తనిఖీలో బయటపడితే వెనకటి ఏళ్లకు కూడా లెక్క కట్టే ప్రమాదం ఉంది.

కొల్లేటి వైపు వెళ్తే ఇంకా పంచాయతీలే ఎక్కువ. అక్కడి ఇంటి పన్నుకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం వర్తిస్తుంది, మొదటి అర్జీ పంచాయతీ ఆఫీసులోనే. కొల్లేటి వాళ్లు మరో విషయం తెలుసుకోవాలి. అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2005-06లో చెరువు గట్లు కొట్టేసిన రోజులు ఆ ఊళ్లు ఇంకా మర్చిపోలేదు. ఇలాంటి చోట పన్ను రశీదును పట్టాలా దాచుకోవడం సహజం. కానీ పన్ను కట్టడం వల్ల హక్కు పుట్టదు. స్వాధీనంలో ఉన్నారని చెప్పడానికి రశీదు కొంత సాక్ష్యం కావచ్చు, యాజమాన్యానికి కాదు. పట్టణాల్లో అనుమతి లేకుండా కట్టిన భవనాలకు కూడా ఇంతే. అతిక్రమణను బట్టి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా జరిమానా కలిపి వసూలు చేస్తారు. కట్టినంత మాత్రాన కట్టడం క్రమబద్ధం అయిపోదు.

ఏది రాస్తే గెలుస్తారు

రుజువు చేయగలిగినదే రాయాలి. ప్లింత్ ఏరియా తప్పయితే శాంక్షన్ ప్లాను, మీరే టేపుతో కొలిచి గీసిన బొమ్మ పెట్టండి. సివిల్ ఇంజినీరింగ్ చదివేవాళ్లకు ఇది గంట పని. కట్టడం రకం తప్పయితే ఫొటోలు. వయసు తప్పయితే పాత కరెంటు బిల్లు, పాత పన్ను రశీదు, రిజిస్ట్రేషన్ కాగితం. భవనం వయసు తక్కువ చూపిస్తే తరుగుదల తగ్గి పన్ను పెరుగుతుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు.

వాడకం దగ్గర తగాదాలు ఎక్కువ. ముందు గదిలో కిరాణా కొట్టు ఉంటే ఆ గది వరకే నివాసేతరం, ఇల్లంతా కాదు. నిట్ పెట్టాక తాడేపల్లిగూడెంలో ఇలాంటివి ఇంకా పెరిగాయి. ఇద్దరు విద్యార్థులకు గది అద్దెకిచ్చిన ఇల్లు, బోర్డు పెట్టి నడిపే ప్రైవేటు హాస్టల్ ఒకటి కావు. కాగితం మీద ఒకే గడిలో పడితే రేటు ఒక్కసారిగా మారిపోతుంది.

కొందరు సమాచార హక్కు కింద కొలతల కాపీ అడిగి, అది వచ్చాక అప్పీలు వేద్దామనుకుంటారు. ఆ చట్టంలో జవాబుకు 30 రోజుల గడువు ఉంది. అప్పీలు గడువు ఈలోపే దాటిపోవచ్చు. ముందు పిటిషన్ ఇచ్చేసి, రసీదు తీసుకుని, ఆ తర్వాత అడగండి. పిటిషన్ వేశాం కదా అని పన్ను ఆపొద్దు. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. బ్యాంకు అప్పు కంటే దారుణం. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ వస్తుంది.

కుర్చీకి అటువైపు

ఇదంతా అర్జీ పెట్టేవాళ్ల వైపు నుంచి చెప్పాం. మీలో కొందరు రేపు అటువైపు కూర్చుంటారు. 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో పన్నుల పని ఎక్కువగా వార్డు పరిపాలన కార్యదర్శి మీద పడుతుంది. గ్రూప్-2లో గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్, గ్రూప్-1లో గ్రేడ్-2 కమిషనర్ పోస్టులు ఉంటాయి. పైన చెప్పిన రివిజన్ పిటిషన్ విని సంతకం పెట్టేది కమిషనరే. పన్ను వేసిన ఆఫీసే దాని మీద ఫిర్యాదు కూడా వినడం ఎంతవరకు న్యాయం? గ్రూప్-1 ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది. సొంత అభిప్రాయం ఏర్పరచుకుని వెళ్లండి. మా దృష్టిలో మొదటి మెట్టు ఆఫీసులోనే ఉండటం తప్పు కాదు, కొలత తప్పులు అక్కడే త్వరగా సరిదిద్దవచ్చు. లోపం రెండో మెట్టు దగ్గర ఉంది. 480 రూపాయల తేడా కోసం గూడెం నుంచి రాజమహేంద్రవరం ఎవరు వెళ్తారు? ఏలూరులో జడ్జి ముందుకు వెళ్లడానికి వకీలు ఫీజే అంతకు నాలుగింతలు కావచ్చు. జిల్లాకొక చోట నెలకో రోజు అప్పీళ్లు వినే ఏర్పాటు చేస్తే చాలా ఇళ్ల గొడవ తీరుతుంది.

పరీక్షకు పనికొచ్చే మరో రెండు. కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద పన్ను వేయకుండా 285వ అధికరణ అడ్డుపడుతుంది. అందుకే రైల్వే స్థలాల మీద ఆస్తి పన్ను ఉండదు. అందించిన సేవలకు చార్జీలు తీసుకునే విషయం మీద సుప్రీంకోర్టు 2009లో రాజ్‌కోట్ కేసులో మాట్లాడింది. రెండోది మీకు బాగా దగ్గరిది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. మీరు పొద్దున్నే వెళ్లి కుర్చీ పట్టుకునే జిల్లా గ్రంథాలయంలో ఫ్యాను, పత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు ఆ డబ్బుతో రావాలి. వసూలు చేసిన పట్టణ సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయకపోవడం రాష్ట్రంలో పాత జబ్బు. మీ ఊరి కార్పొరేషన్ ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది? సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్చుకోవాలనుకుంటే ఈ ప్రశ్నతో మొదలుపెట్టండి. దీనికి 30 రోజులు ఆగినా నష్టం లేదు.